లేపిన చేను

అక్టోబరు 29

కరెంటు లేదు, ఫోన్‌లో చార్జింగు లేదు. వెలుతురు ఉండగానే రాసేస్తున్నాను. బొబ్బిలిలో అమ్మ నా ఫోను కలవక ఈపాటికి ప్రార్థన మీద ప్రార్థన చేస్తూ ఉంటుంది. నాకేం కాలేదు. నా గది పైకప్పుకీ ఏం కాలేదు. అయిందల్లా చేలకే.

తెల్లారకముందే తుఫాను దాటిపోయింది. పొద్దున్నే గట్టు మీదికి వెళ్లి నిలబడితే ఊరి పల్లమంతా పడమటికి తిరిగి పడుకుని ఉంది. మొన్నటిదాకా నడుమెత్తున నిలబడి పాలు పోసుకుంటున్న వరి. ఈ ఊరికి వ్యవసాయ సహాయకురాలిగా వచ్చి మూడేళ్లయింది, ఇంతలా పడిపోవడం ఎప్పుడూ చూడలేదు.

కానీ ఏం చెయ్యాలో నాకు తెలుసు. చదువుకునేటప్పుడు చదివాను, మొన్న పైనుంచి మెసేజ్ కూడా వచ్చింది. నీళ్లు తీసెయ్యాలి, పడిన దుబ్బుల్ని నాలుగేసి కలిపి లేపి, వాటి ఆకులతోనే ముడి వెయ్యాలి. ఇప్పుడు నేల మీద పడి ఉంటే గింజ కట్టదు. ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. టీకొట్టు బల్ల మీద కాళ్లు జాపుకుని కూర్చున్న గిరిబాబు, నిద్రపోయేవాణ్ణి లేపితే తిడతాడు, చేను కూడా తిడుతుంది మేడమ్ అన్నాడు. అందరూ నవ్వారు. అతనికి నాలుగెకరాలు సొంతం, నవ్వగలడు.

కౌలుకి చేసుకునే గురమ్మ నవ్వలేదు. చీర ఎగదోపుకుని మడిలోకి దిగిపోయింది. నేనూ దిగాను. మొదటి ముడి నేను వేసి చూపించాను. రెండోది ఆమె వేసింది, నాదానికన్నా గట్టిగా. మమ్మల్ని చూసి మధ్యాహ్నానికి ఇంకో పదిమంది దాకా దిగారు.

ఈ ఉద్యోగంలో చేరాక ఇవాళే నిజంగా పనికొచ్చాననిపించింది.

అక్టోబరు 30

నడుము పట్టేసింది. వంగి రాయలేకపోతున్నాను.

గురమ్మ చేస్తున్న ఎకరన్నర జగన్నాధం గారిది. పండినా ఎండినా ఆయనకి కౌలు బస్తాలు కొలవాలి, మిగిలితేనే ఆమెవి. ప్రభుత్వ సాయం వస్తే మాత్రం ఈసారి ఆమె పేరునే వస్తుంది, కౌలు కార్డు ఉంది కాబట్టి. ఆ కార్డు కోసం వేసవంతా ఆయన వీధరుగు చుట్టూ తిరిగింది నేనే. కార్డిస్తే రేపు భూమి తనదంటుందేమోనని ఆయన భయం. అలాంటిదేం లేదు, తుఫానొస్తే ఆమెకి సాయం అందుతుంది, మీ కౌలు మీకు నిలుస్తుంది అని నచ్చజెప్పాను. ఒక్క ఏడాది చూస్తానని సంతకం పెట్టారు.

ఆ సంగతే గురమ్మకి గుర్తుచేశాను. పంట పోయినా భయం లేదు, సాయం ఉంది అన్నాను.

"పంటేల పోతాది? లేపుతన్నాం కదా" అంది.

అక్టోబరు 31

మధ్యాహ్నం ఉమాశంకర్ సార్ ఫోన్ చేశారు, మా మండల వ్యవసాయాధికారి. పంట నష్టం లెక్కల గురించి. సిగ్నల్ సరిగా లేదు.

గురమ్మకి ఇంకా రెండు మడులు మిగిలాయి. సాయంత్రానికి ఒకటి అయింది.

నవంబరు 1

రెండోదీ అయిపోయింది. గురమ్మ చేనంతా నిలబడింది. మిగతావాళ్లు సగంలో ఆపేశారు. ఎందుకు ఆపేశారో తెలీదు.

నవంబరు 2, ఆదివారం

తెలీదని రాశాను నిన్న. తెలుసు.

కోటబొమ్మాళి చర్చికి వెళ్లాను. ప్రసంగం ఒక్క ముక్క చెవికెక్కలేదు. మొన్న సార్ ఫోన్‌లో చెప్పింది సిగ్నల్ బాగానే ఉండి స్పష్టంగానే వినబడింది. నష్టం మూడో వంతు దాటితేనే పేరు రాయాలి. పడి ఉన్న చేను ఫొటో కావాలి. నిలబడ్డ చేను ఫొటో పంపితే పైన కొట్టేస్తారు. లేపినవాళ్ల సంగతేమిటి సార్ అని అడిగాను. లేపితే నష్టం తగ్గింది కదమ్మా, సంతోషించాలి కదా అన్నారు.

గిరిబాబుకి ఈ కబురు నాకన్నా ముందే తెలిసినట్టుంది. టీకొట్టులో చెప్పాడు, విన్నవాళ్లు ఎక్కడివక్కడ ఆపేశారు. గురమ్మ టీకొట్టుకి రాదు. ఆమెకి చెప్పాల్సింది నేను. పక్క వరసలోనే ఉన్నాను, ఫోను చీరలో దోపుకుని మళ్లీ ముడి వేశాను. రాతపూర్వకంగా ఇంకా ఏదీ రాలేదు కదా అనుకున్నాను. చేనుకి మంచిది లేపడమే కదా అనుకున్నాను. రెండూ నిజమే. ఆ రెండు మడులైనా పడి ఉంటే ఫొటోకి పనికొచ్చేవి.

అసలు కారణం వేరే. మూడు రోజులు నడుములు విరగ్గొట్టుకున్న మనిషితో, నేను చెప్పింది నీకే నష్టం అని చెప్పడానికి నోరు రాలేదు.

నవంబరు 5

సర్వే మొదలుపెట్టాను. గిరిబాబు చేను నీళ్లలో నాని కుళ్లు వాసన కొడుతోంది. ఫొటో ఒక్కసారికే వెళ్లిపోయింది. మేడమ్ చెప్పినట్టు వినకపోవడమే మంచిదైంది అని నవ్వాడు. చెడ్డవాడని కాదు, అతనికి ఏదైనా తమాషాయే.

తర్వాత గురమ్మ చేను. ఫొటో అని తెలిసి ఉతికిన చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని వచ్చింది. తను లేపిన చేను పక్కన ఠీవిగా నిలబడింది. పక్కకి జరగమ్మా అన్నాను. ఏ పక్కకి జరిగినా వెనకాల చేను నిలబడే ఉంది. గట్టు వార ఎలకలు కొరికిన నాలుగు దుబ్బులు పడి ఉంటే వాటిని తీసి పంపాను.

నవంబరు 6

తిరిగొచ్చింది. ఇంకో వైపు నుంచి తీసి పంపాను. అదీ తిరిగొచ్చింది.

నవంబరు 10

సాయం అందేవాళ్ల తొలి జాబితా ఆఫీసు గోడకి అంటించాను. నా చేత్తోనే జిగురు రాసి.

గురమ్మ వచ్చింది. చదవడం రాదు, నన్ను చూడమంది. చూసి, లేదన్నాను. "మళ్లీ సూడు" అంది. మళ్లీ చూశాను, ఈలోపు పేరు పుట్టుకొస్తుందేమో అన్నట్టు పైనుంచి కిందిదాకా వేలు పెట్టి మరీ చూశాను. గిరిబాబు పేరుంది. సగంలో ఆపేసినవాళ్ల పేర్లున్నాయి.

ఆమె గోడ వంకే చూస్తూ నిలబడింది. నేను నిబంధనలు చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో ఆపేసింది.

"నీకు ముందే తెలుసేటి?"

వేలికంటిన జిగురు చీరకి తుడుచుకున్నాను.

"ఇంక నీ మాట ఇనను పాపా" అని వెళ్లిపోయింది. గట్టిగా కూడా అనలేదు.

సాయంత్రం జగన్నాధం గారు సైకిలాపి, మరి కార్డు వల్ల ఒరిగిందేమిటమ్మా అని అడిగారు. నవ్వుతూనే అడిగారు. సాయం రాకపోతే వచ్చే ఏడు ఆయన సంతకం పెట్టరు. అసలు చేను ఆమెకిస్తారో ఇవ్వరో. నా మూలాన ఆమె చేను పోతే నేనీ ఊళ్లో ఏ మొహం పెట్టుకుని తిరగాలి?

నవంబరు 13

ఎవరికీ చెప్పకూడని పని చేశాను. ఇక్కడ రాయడం కూడా అవసరమా అనిపిస్తోంది.

అందరూ అన్నాలకి వెళ్లిన వేళ చూసి గురమ్మ చేలో దిగాను. కాలువ వైపు మూలనున్న ముడులు విప్పేసి దుబ్బులు పడుకోబెట్టి ఫొటో తీద్దామని. అభ్యంతరాలకి ఇంకా గడువుంది. వరసంతా విప్పాను, వేళ్లు కోసుకుపోయాయి. దుబ్బులు పడలేదు. చేత్తో వంచాను, మోకాలితో నొక్కాను. వదిలితే మళ్లీ లేచాయి. ఈ రెండు వారాల్లో కణుపు దగ్గర ఒంపు తిరిగి వాటంతట అవే నిలబడ్డాయి. ముడి అవసరం కూడా లేదు వాటికి. మడి మధ్యలో ఏడుపొచ్చింది.

కోపంతో ఒక వెన్ను పీకి గింజ నొక్కాను. వట్టిది. ఇంకోటి నొక్కాను, వట్టిదే. పక్క దుబ్బులో సగం నిండాయి, సగం తాలు. చేను నిలబడింది కానీ పాలు పోసుకునే రోజుల్లో తిన్న దెబ్బ తిన్నట్టే ఉంది.

నాకు సంతోషం వేసింది. అబద్ధం చెప్పి ప్రయోజనం లేదు, గుండె తేలికపడింది. తాలు ఉందంటే నష్టం ఉంది, నష్టం ఉందంటే పేరు రాయొచ్చు. గట్టెక్కాక గాని తట్టలేదు నేను దేనికి సంతోషించానో.

నవంబరు 14

సార్ దగ్గరికి వెళ్లాను. గుప్పెడు వెన్నులు బల్ల మీద పెట్టి నొక్కి చూపించాను. ఆయన కూడా నొక్కి చూశారు. తుది జాబితా నెలాఖరుదాకా వెళ్లదట. కోతకొచ్చాక ఒక ముక్క కొలిచి కోసి, నూర్చి, తూకం వేద్దాం, మామూలు దిగుబడిలో ముప్పై మూడు శాతం పోయినట్టు తేలితే పేరు చేరుస్తాను అన్నారు.

"దాటాలమ్మా. వెంట్రుకవాసి తగ్గినా నేను చెయ్యగలిగింది లేదు" అన్నారు. చిరాగ్గా అన్నారు గానీ ఒప్పుకున్నారు.

నవంబరు 16, ఆదివారం

దారిలో గురమ్మ ఎదురైంది. తాలు సంగతి, తూకం సంగతి చెప్పాను. తాలుందని ఆమెకీ తెలుసు, ఎంతుందో చూడటానికే భయపడుతోంది. నన్ను దాటి రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి అంది:

"మీ దేవుడికాడికే కదా ఎల్తన్నావు. ఉన్న గింజైనా నిండాలని సెప్పు."

తలూపాను. చర్చిలో మోకాళ్ల మీద ఉండి ఏం అడిగానో రాస్తున్నాను. ప్రభువా, తాలు మూడో వంతు దాటాలి.

అమ్మకి ఫోన్‌లో చెబితే, అలాంటి ప్రార్థన చేస్తారటే అని తిట్టింది.

నవంబరు 19

ఎండ బాగా కాస్తోంది. ఎండ కాస్తే భయం, గింజ నిండుతుందేమోనని. మబ్బు పడితే భయం, ఉన్నదీ పోతుందేమోనని.

నవంబరు 21

గురమ్మ చేను మీదుగా పోకుండా చుట్టు తిరిగి ఆఫీసుకి వెళ్తున్నాను. ఎదురుపడితే ఏం లేదు. పడకపోతే నయం.

నవంబరు 25

తూకానికి ముక్క కోసేది రేపే. వాళ్లింటికి వెళ్లి అరుగు మీద కూర్చుని మళ్లీ విడమరిచి చెప్పాను. తూకం తక్కువొస్తేనే నీకు సాయం. ఎప్పట్లా చివరి గింజదాకా ఏరకు. గడ్డిలో నాలుగు గింజలు ఉంటే ఉండనీ, ఒకసారి తూర్పారబట్టి వదిలెయ్. ఇది మోసం కాదు, కూలీలు కోసినా అంతే పోతుంది. ఇలా చెప్పడం తప్పేమో తెలీదు, చెప్పాను. రెండుసార్లు చెప్పాను.

అర్థమైందన్నట్టు తలూపింది. "తక్కువొస్తే మంచిదన్నమాట" అని తనలో తను అనుకుని, ఎన్నడూ వినని మాట విన్నట్టు నవ్వింది. నెల రోజుల తర్వాత నా ముందు నవ్వింది.

నవంబరు 26

సార్ చెప్పిన టైముకే వచ్చారు. మేకులు కొట్టి, తాడు లాగి, చతురస్రం గీశాం. గురమ్మే కోసింది. జగన్నాధం గారు గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడ్డారు. గిరిబాబు చూడ్డానికొచ్చాడు, టీకొట్టు బోసిపోయి ఉంటుంది.

టార్పాలిన్ బరకం పరిచి నూర్చింది. తూర్పారబట్టింది. చేటలోంచి తాలు ఎగిరిపోతుంటే నేను దాన్నే చూస్తున్నాను, ఇంకా ఎగరాలి, ఇంకా ఎగరాలి అని. తూకం వేశాం. సార్ ఫోన్‌లో లెక్క కట్టారు. నష్టం ముప్పై నాలుగు శాతం. చూశావా అన్నట్టు నా వంక చూశారు. నేను పెన్ను మూత తీశాను.

"ఆగండి బాబూ" అంది గురమ్మ.

మేం తూకంలో ఉండగా ఆమె ఖాళీగా లేదు. గడ్డి కట్టల్ని మళ్లీ బరకం అంచున బాదింది. చుట్టూ చిందిన గింజ ఏరింది. తాలు కుప్పని మళ్లీ చేటలోకెత్తి ఇంకోసారి చెరిగింది. చేట అడుగున రెండు దోసిళ్లు తేలాయి, బంగారంలా నిండుగా. తెచ్చి తూకంలో పోసేసింది.

"ఇయీ దానియే" అంది. ఎంత శుభ్రంగా తీశానో చూడండి అన్నట్టు మా అందరి మొహాలూ చూసింది.

గిరిబాబు కూడా నవ్వలేదు. సార్ మళ్లీ లెక్క కట్టారు. ముప్పై రెండు. పైకి చదివారు. తర్వాత, ఫొటో తర్వాత తీద్దువులే, ముందు అంకె రాసుకో అని, కాలువ వైపు తిరిగి ఫోన్ చూసుకుంటూ నిలబడ్డారు. చాలాసేపు అలాగే నిలబడ్డారు. జగన్నాధం గారు అప్పటికే గొడుగు ముడుచుకుని కదిలారు.

నేను ముప్పై రెండు రాశాను.

ముప్పై నాలుగు రాసి ఉంటే సార్ అడిగేవారు కాదు. ఆ వైపు తిరిగింది అందుకేనని నాకు అప్పుడే తెలుసు. నిజాయితీ వల్ల రాశానో భయం వల్ల రాశానో తెలీదు.

తెలుసు. భయం.

గురమ్మకి అప్పుడు అర్థమైంది. చేట కింద పెట్టి, బరకం మీద కూలబడింది. అరచేతులు ముందు పెట్టుకుని వాటినే చూసుకుంది.

"నువ్వు నాకు సెప్పినావు పాపా. ఈ సేతులకెవులు సెప్తారు?"

నవంబరు 27

చేతులకెవులు సెప్తారు. పొద్దున్నుంచి అదే చెవిలో తిరుగుతోంది.

నవంబరు 30

తుది జాబితా వెళ్లిపోయింది.

జగన్నాధం గారింటికి వెళ్లాను. బతిమాలదామనే వెళ్లాను. ఆయన నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. చేను గురమ్మ దగ్గరే ఉంటుందట. పడిన చేనుని అలా లేపుకున్న మనిషిని కాదని ఇంకెవరికిస్తాం అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, సంతకాలు మాత్రం ఇంక లేవమ్మా, మా తాతల్నాటి నుంచి ఉన్నట్టే నోటిమాట చాలు అన్నారు.

అంటే చేను ఉంటుంది. వచ్చే ఏడు తుఫానొస్తే ఆమె పేరు ఎక్కడా ఉండదు. అప్పుడు నేను కోణాలు మార్చి ఫొటోలు తియ్యాల్సిన పని కూడా ఉండదు. మజ్జిగ తాగి వచ్చేశాను.

గురమ్మ కోత మొదలుపెట్టిందట. నన్ను పిలవలేదు.

డిసెంబరు 3

అల్పపీడనం. పైనుంచి పొద్దున్నే మెసేజ్ వచ్చింది. కోసిన పనలు చేలో ఉంటే వెంటనే కుప్పలు వెయ్యమని రైతులకి చెప్పాలి. గ్రూపులో పెట్టడానికి వాయిస్ రికార్డు చేశాను. విన్నాను, చెరిపేశాను. మళ్లీ చేశాను. నా గొంతు నాకే నచ్చడం లేదు. ఎవరు వింటారు? వింటే ఏమవుతుందో అదింకా భయం.

సార్‌కి ఫోన్ చేసి అడిగాను. పనల మీద ఉన్న పంట తడిసిపోతే నష్టం రాయొచ్చట. కుప్ప వేసిన దానికి రాయడానికి లేదట. మళ్లీ అదే. గురమ్మ కార్డు ఈ పంట అయ్యేదాకా చెల్లుతుంది. పనలు అలాగే వదిలేస్తే ఈసారి ఆమె పేరు వస్తుంది. గింజ పోతుంది, పేరు వస్తుంది.

చెప్పాలా వద్దా అని బల్ల ముందు కూర్చున్నాను. మబ్బు కమ్ముకొస్తోంది. అప్పుడు ఫోన్ మోగింది. గురమ్మ. వారం అయింది ఆమె గొంతు విని.

"వాన వస్తాదంట, ఎరికేనా? నా పనలు సేలోనే ఉన్నాయి" అంది.

ఈసారి దాచలేదు. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాను. కుప్ప వేస్తే గింజ దక్కుతుంది, సాయం రాదు. వదిలేస్తే గింజ పోతుంది, సాయం రావచ్చు, రాకపోనూ వచ్చు. ఏది మంచిదో నాకు తెలీదు, నీ ఇష్టం, నన్నడగకు అన్నాను.

అవతల గాలి హోరు, ఎవరినో కట్టలు బేగి అందుకోమని కేకేయడం.

"నిన్నేటీ అడగలేదే పాపా. మీ ఆపీసులో బరకం ఉన్నాది కదా. అట్టుకొని బేగి రమ్మంటన్నాను."

పెట్టేసింది.

బరకం ఉంది. బీరువా తాళం నా దగ్గరే ఉంది. రాయడం ఆపి వెళ్తున్నాను.